రెండు నుంచి లెక్క

తాను కదపలేని బరువు ఈ భూమ్మీద ఇంకా తయారు కాలేదని జగ్గయ్య నమ్మకం. ఆ నమ్మకాన్ని కడుపులో దాచుకునే రకం కూడా కాదు. ఇరవయ్యో ఏట విజయనగరం వైపు నుంచి వచ్చి భిలాయి ప్లాంటులో ఖలాసీగా చేరాడు. క్రేను చెయ్యి చాచలేని మూలలన్నీ ఖలాసీలవే. తాళ్లు, కప్పీలు, దొర్లుడు పైపులు, గడ్డపారలు, ఇవే వాళ్ల ఆస్తి. వాటితోనే ముప్ఫై ఎనిమిదేళ్లు ఇంటంత యంత్రాలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిపించి, ఒంటిమీద చెప్పుకోదగ్గ గాయం లేకుండా రిటైరయ్యాడు.

వైశాలి నగర్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా ఆ బుద్ధి పోలేదు. వీధిలో ఎవరైనా బీరువా జరుపుతున్న చప్పుడు వినబడితే చాలు, పిలవకపోయినా వెళ్లేవాడు. మోస్తున్నవాళ్లను దించమని, బీరువా కాళ్ల కింద తడి గోనెపట్టా వేయించి, ఒంటి చేత్తో జరిపి చూపించి, టీ తాగి తిరిగొచ్చేవాడు. యముడు వచ్చి గుమ్మంలో నిలబడినా ఈ మనిషి ముందు ఆ దున్నపోతు ఎన్ని మణుగులుంటుందో అడిగి గానీ కదలడని భార్య నూకమ్మ అందరితో అనేది. జగ్గయ్య దాన్ని మెప్పు కిందే జమకట్టుకున్నాడు.

కిందటి ఏడు గొంతులో గడ్డ లేస్తే ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రాణం మిగిలింది గానీ గొంతు మిగల్లేదు. మాట పక్కనున్న మనిషి దాకా వెళ్లి ఆగిపోతోంది. వేరొకరికైతే అది పెద్ద లోటు కాకపోవచ్చు. కానీ పదిమంది ఖలాసీలు ఒకే క్షణంలో తాడు లాగాలంటే ఒకడు కూత పెట్టాలి. లాగమన్నా, ఆపమన్నా, అంతా ఆ కూతలోనే ఉంటుంది. జగ్గయ్య గుంపుకి ఇన్నేళ్లూ కూతగాడు జగ్గయ్యే. ఇప్పుడా కూతను కొడుకు మహేశ్‌కి అప్పజెప్పాలని ఆశ. మహేశ్ దుర్గ్‌లో డిప్లొమా చదివి, జాముల్ రోడ్డు మీద ఒక చిన్న వర్క్‌షాపులో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాడు. పుట్టింది భిలాయిలోనే కాబట్టి తెలుగు కన్నా హిందీ బాగా వస్తుంది. ఖలాసీ పని మీద గౌరవం ఉంది గానీ, తండ్రి చెప్పే బస్రా కథ మీద మాత్రం లేదు.

బస్రా కథ వినని ఆంధ్రావాడు ఆ చుట్టుపక్కల లేడు. జగ్గయ్య తండ్రి పైడయ్య భీమిలి రేవులో ఓడ సరుకు దించే కూలీ. మొదటి ప్రపంచ యుద్ధంలో తెల్లదొరలకు తుపాకులు పట్టేవాళ్లే కాదు, బరువులు మోసేవాళ్లు కూడా కావలసివచ్చారు. అలా కూలీల దళంలో పైడయ్యను ఓడెక్కించి ఇరాక్ దేశపు బస్రా రేవుకి తీసుకెళ్లారు. అది 1917 మార్చి. పైనెక్కడో ఇంగ్లీషు సైన్యం టర్కీవాళ్లతో పోరాడుతూ బాగ్దాద్ మీదికి పోతోంది. కింద రేవులో కూలీలు ఓడల్లోంచి గుర్రపు దాణా దగ్గర నుంచి రైలు పట్టాల దాకా దించుతున్నారు. ఆ రోజు ఒక బాయిలర్ దిగింది. మేస్త్రీ ఎవడో పనికిమాలినవాడు, ఎండకి భయపడి పక్కన నీడలో నిలబడి కూత పెట్టాడు. కూత తప్పింది. బాయిలర్ దుంగల మీద నుంచి జారి మనుషుల మీదికి బయల్దేరింది. అప్పుడు పైడయ్య ఒక్క గెంతులో దానికి ఎదురుగా వెళ్లి నిలబడి చెయ్యెత్తాడు. తాళ్లవాళ్లు ఆ చెయ్యి చూసి బిగబట్టారు. బాయిలర్ పైడయ్య రొమ్ముకి జానెడు దూరంలో ఆగింది. సరిగ్గా అదే క్షణంలో రేవులో ఉన్న ఓడలన్నీ సైరన్లు మోగించాయి. బాగ్దాద్ పడిపోయిందన్న కబురు వచ్చింది.

బాగ్దాద్‌ని పట్టుకున్నది దొరలైతే, బాయిలర్‌ని పట్టుకున్నది మా అయ్య అని ముగించేవాడు జగ్గయ్య. గొంతు పోయాక కూడా ముగించేవాడు, పక్కనున్న ఒక్కడికి.

ఆ రోజు నుంచి పైడయ్య రెండు పద్ధతులు పెట్టాడట. ఒకటి, కూతగాడు ఎప్పుడూ బరువుకి ఎదురుగానే నిలబడాలి. రెండోది, లాగే ముందు తాడు మీదున్న మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనకూడదు, రెండు నుంచి మొదలుపెట్టాలి. పైడయ్య మాత్రం రెండు అనే ముందు ఒక క్షణం ఆగేవాడు. ఈ లెక్కకి కారణం ఆయన చెప్పలేదు గానీ, గుంపులో అందరికీ తెలిసినట్టే ఉండేది. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అంటాం కదా, ఇదీ అలాంటిదేనని అనుకున్నారు. జగ్గయ్య కూడా అలాగే అనుకుని ముప్ఫై ఎనిమిదేళ్లూ రెండు నుంచే లెక్కపెట్టాడు.

బస్రా సంగతి జరిగిన ఎనభై ఏళ్లకి, మళ్లీ మార్చి నెలలోనే, మహేశ్ వర్క్‌షాపుకి ఇనప రేకులు వంచే పదకొండు టన్నుల పాత ప్రెస్సు వచ్చింది. క్రేను దాన్ని గేటు దగ్గర దించి చేతులెత్తేసింది. షెడ్డు కప్పు తక్కువ ఎత్తు, లోపలికి క్రేను రాదు. గోడ పగలగొట్టి ఇంకో దారి చేయిద్దామని వర్క్‌షాపు యజమాని సేఠ్ కూలీలను మాట్లాడాడు. మహేశ్ అడ్డుపడి, ఒక్క రోజు ఇవ్వండి, మా నాన్న గుంపు చేత్తో లోపలికి తెస్తుందని మాటిచ్చాడు. సరే, సాయంత్రానికి ప్రెస్సు పునాది మీద కూర్చోకపోతే మర్నాడు గోడ పడుతుందన్నాడు సేఠ్. ఇంటికొచ్చి చెబితే జగ్గయ్య ఎన్ని టన్నులని మాత్రం అడిగాడు. పదకొండు అనగానే, అంతేనా అన్నట్టు చూశాడు.

పొద్దున్నే ఐదుగురు ముసలి ఖలాసీలు సైకిళ్ల మీద దిగారు. అందరిలోకీ పెద్ద నరసింగరావు. జగ్గయ్యతో పాటు ఒకే రైల్లో భిలాయి వచ్చినవాడు. వాళ్లకి తోడు వర్క్‌షాపులో పనిచేసే ఏడుగురు ఛత్తీస్‌గఢీ కుర్రవాళ్లు. జగ్గయ్య ఒక్కసారి నేల మీద కూర్చుని, కన్ను సగం మూసి, గేటు నుంచి పునాది దాకా చూశాడు. గేటు లోపల నేల రెండడుగులు కిందికి వాలి ఉంది. లాగడం కష్టం కాదు, ఆపడం కష్టం. ముందు తాడుకి ఎనిమిది మంది, వెనక్కి బిగబట్టే తాడుకి నలుగురు అని వేళ్లతో చూపించాడు. ప్రెస్సు కింద ఇనప పైపులు పరిచారు. పక్కన అడ్డుచెక్కలు పెట్టుకున్నారు. పన్నెండు గంటలకల్లా ప్రెస్సు గేటు దాటి వాలు మొదటికి వచ్చింది. అక్కడిదాకా నేల చదునే కాబట్టి కూత అవసరం పెద్దగా పడలేదు.

ఇప్పుడు వాలు. మహేశ్ జేబులోంచి ఈల తీశాడు. ఒక ఈల అంటే లాగడం, రెండంటే ఆపడం అని హిందీలో వివరించి, పక్కనున్న చెక్కపెట్టె ఎక్కి నిలబడ్డాడు. ఒకటి, రెండు అని మనుషుల్ని లెక్కపెట్టాడు. ఒకటి అనగానే నరసింగరావు తాడు కింద పెట్టి బీడీ వెలిగించుకున్నాడు. మిగిలిన నలుగురూ ఆయన పక్కన చేరి కూర్చున్నారు.

"బాబూ, కూతగాడు బరువుకి ఎదర నిలబడాల," అన్నాడు నరసింగరావు. "పక్కనెక్కి ఈలూదితే మేం తాడు ముట్టం. నీ సదువుకి అది తప్పేమో గానీ, మా పేనాలకి అదే ఒప్పు."

సేఠ్ గడియారం చూసుకున్నాడు. మహేశ్ ముఖం ఎర్రబడింది. పెట్టె దిగి తండ్రి దగ్గరికొచ్చి, కాస్త దూరం తీసుకెళ్లాడు.

"లోడ్‌కి సామ్నే ఎవరూ నిలబడకూడదు నాన్నా. మాకు నేర్పిన ఫస్ట్ రూల్ అదే. నీ బస్రా కహానీ నేను పుట్టినప్పట్నుంచీ వింటున్నా. చెయ్యెత్తితే బాయిలర్ ఆగుతుందా? సచ్ సచ్ చెప్పు, ఆగిందా?"

జగ్గయ్యకి కోపం రావాలి. ఇంకెవరైనా ఆ మాట అని ఉంటే వచ్చేది. కానీ అడిగినవాడు ఇంకాసేపట్లో పదకొండు టన్నుల బరువు ముందు కూత పెట్టబోయేవాడు. అబద్ధం నమ్మి నిలబడినా ముప్పే, నమ్మక పక్కన నిలబడినా ముప్పే. నిజం చెబితే తండ్రి పేరు పోతుంది. చెప్పకపోతే పోయేది పేరు కాదు. జగ్గయ్య ఒక ఇనప ముక్క మీద కూర్చుని, కొడుకుని పక్కన కూర్చోమన్నాడు.

"ఆగలేదురా," అన్నాడు. "మేస్త్రీ ఎవుడూ లేడు. ఆ దినం కూత పెట్టినోడు మా అయ్యే."

నలభై ఏళ్ల కిందట జగ్గయ్య భిలాయి రైలెక్కుతుంటే, విజయనగరం స్టేషన్లో పైడయ్య అతనికి ఈ సంగతి చెప్పాడు. బరువుల పనికి పోతున్నావు కాబట్టి చెబుతున్నాను, లేకపోతే నాతోనే పోయేది అన్నాడు. బస్రాలో నీడకి పోయినవాడు పైడయ్యే. పక్కనున్న గోనెసంచుల గుట్టెక్కి కూత పెట్టాడు. ఇరవై ఏళ్ల వయసు, భీమిలి రేవులో తనంత గొంతున్నవాడు లేడన్న గర్వం. గొంతుంటే ఎక్కడ నిలబడితేనేం అనుకున్నాడు. తాడు మొదట్లో గోపాలం ఉన్నాడు. పైడయ్య వీధివాడే, ఈడువాడు. యుద్ధానికి రానన్నవాణ్ని వెంటపడి ఒప్పించి ఓడెక్కించింది పైడయ్యే. గుంపులో అందరికన్నా బలమైనవాడు కాబట్టి తాడు మీద ఎప్పుడూ ఒకటో మనిషి అతనే. లెక్కపెట్టేటప్పుడు ఒకటి అంటే పలికేది గోపాలమే.

బాయిలర్ కింద దుంగ ఒకటి పగలడం పైడయ్య చూశాడు. ఆపమని కేక పెట్టాడు. అదే క్షణంలో ఓడల సైరన్లు మోగాయి. బాగ్దాద్ కబురు. రేవులో ఉన్న ప్రతి ఓడా మోగించింది. పైడయ్య అరుస్తూనే ఉన్నాడు, అతని అరుపు అతనికే వినబడలేదు. గుట్ట మీదున్న అతన్ని ఎవరూ చూడలేదు. తాడువాళ్లు పాత కూత ప్రకారమే ఇంకో లాగు లాగారు. బాయిలర్ కదిలి వచ్చేసింది. మిగిలినవాళ్లు పక్కకి దూకారు. గోపాలం తాడుని మణికట్టుకి చుట్టుకుని ఉన్నాడు.

"దొరలు టోపీలెగరేసుకుంటన్నారట," అన్నాడు జగ్గయ్య. "అందరూ గెలిసిన దినం. గోపాలం బాయిలర్ కిందున్నాడని మా అయ్య ఎవులికి సెప్పినా వినబడలేదు."

తరువాత సర్కారువారు తనకి పంపిన కంచు పతకాన్ని పైడయ్య గోపాలం తల్లి చేతిలో పెట్టి వచ్చాడు. ఆ తరువాత జన్మలో పక్కన నిలబడి కూత పెట్టలేదు. సైరన్లు మోగినా, పిడుగులు పడినా, కూత వినబడకపోయినా చెయ్యి కనబడాలి. ఎదురుగా ఉంటే ప్రతి దుంగా కూతగాడికి కనబడుతుంది, కూతగాడు ప్రతివాడికీ కనబడతాడు. తప్పితే ముందు పోయేది కూతగాడే. అందుకే తప్పదు.

మరి మేస్త్రీని ఎందుకు కల్పించావని మహేశ్ అడిగాడు. జగ్గయ్య సిగ్గుపడ్డాడు. తన జీవితంలో సిగ్గుపడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ఇది వాటిలో మొదటిది. మా అయ్య చేతిలో మనిషి పోయాడని నలుగురిలో చెప్పుకోలేకపోయానని ఒప్పుకున్నాడు. ఒప్పుకోగానే ఆయనకి తేలిగ్గా కూడా అనిపించింది.

మహేశ్ ఈల జేబులో పెట్టుకున్నాడు. తండ్రి నమ్మకంలో సగమైనా అతనికి వచ్చిందని అప్పుడు తెలిసింది. చకచకా పని మొదలెట్టాడు. వెనక తాడుని షెడ్డు స్తంభానికి ఇంకో రెండు చుట్లు చుట్టించాడు. ముందు తాడు నుంచి ఇద్దరిని తీసి, అడ్డుచెక్కలు ఇచ్చి రెండు పక్కలా పెట్టాడు. తాడు ఎవరూ చేతికి చుట్టుకోవద్దని కుర్రవాళ్లతో గట్టిగా చెప్పాడు. తరువాత వెళ్లి ప్రెస్సుకి సూటిగా ఎదురుగా, సుద్దముక్కతో గీత గీసి దాని మీద నిలబడ్డాడు. నరసింగరావు బీడీ ఆర్పి లేచాడు.

మహేశ్ గొంతు పైడయ్యదే. ఆ సంగతి జగ్గయ్యకి అప్పటిదాకా తెలియదు. హిందీ యాసలో పలికినా కూత షెడ్డు కప్పుకి తగిలి వెనక్కొచ్చింది. ముసలివాళ్లు ఐలేసా అన్నారు, కుర్రవాళ్లు హైసా అన్నారు, ప్రెస్సుకి రెండు భాషలూ అర్థమయ్యాయి. జానా బెత్తెడు చొప్పున వాలు దిగసాగింది. జగ్గయ్య చేతులు కట్టుకుని, ఇందులో ఆశ్చర్యమేముందన్నట్టు సేఠ్ పక్కన నిలబడ్డాడు. కన్ను మాత్రం కొడుకు నిలబడ్డ గీత మీదే ఉంది.

సగం వాలు దిగేసరికి ఎడమ పక్క పైపు ఒకటి పక్కకి తిరిగింది. అది ప్రెస్సు కింద ముందు భాగంలో ఉంది. ఎదురుగా నిలబడినవాడికి తప్ప ఎవరికీ కనబడదు. మహేశ్ ఆపమనడానికి నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ప్లాంటులో రెండు గంటల షిఫ్టు సైరన్ మోగింది.

రోజూ మోగే సైరనే. పన్నెండుమందీ దాన్ని వింటూ పెరిగినవాళ్లో, వింటూ ముసలివాళ్లయినవాళ్లో. దాన్నిబట్టి అన్నం తిని, దాన్నిబట్టి పనికెళ్లినవాళ్లు. అంత అలవాటైన చప్పుడు కాబట్టే, అది రెండు గంటలకి మోగుతుందని ఒక్కరికీ గుర్తు రాలేదు. ప్రతిదీ లెక్కవేసిన జగ్గయ్యకి కూడా గుర్తు రాలేదు. ఆయన అరవబోయాడు. ఆ గొంతు సైరన్ లేకపోయినా చేరేది కాదు.

మహేశ్ రెండు చేతులూ పైకెత్తాడు. గీత మీద నుంచి కదల్లేదు. తాడు మీదున్న ప్రతి కన్నూ అతని మీదే ఉంది. ముందు తాడు ఒక్కసారిగా వదులైంది. వెనక నలుగురూ తాడుని బిగబట్టేసరికి స్తంభం కిర్రుమంది. పక్కనున్నవాళ్లు అడ్డుచెక్కలు తోశారు. ప్రెస్సు మూలిగి, కొద్దిగా పక్కకి ఒరిగి, ఆగింది. మహేశ్‌కీ దానికీ మధ్య మూరెడు దూరం ఉంది. సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. అది ఆగేదాకా ఎవరూ కదల్లేదు.

పైపుని సరిచేయడానికి పావుగంట పట్టింది. అందరూ మళ్లీ తాడు దగ్గర చేరాక, మహేశ్ నరసింగరావుని ఒక అడుగు వెనక్కి జరగమన్నాడు. ఆయన వెనకున్నవాళ్లందరూ జరిగారు. తాడు మొదట్లో ఒక మనిషి నిలబడేంత చోటు ఖాళీగా మిగిలింది. మహేశ్ ఆ ఖాళీ వంక ఒక క్షణం చూసి ఊరుకున్నాడు. తరువాత నరసింగరావు వంక చూసి రెండు అన్నాడు. నరసింగరావు ఆఁ అన్నాడు.

జగ్గయ్యకి సంతోషం ఆగలేదు. కుర్రాడు దారికొచ్చాడు, ఒకటిని లాభం కింద వదలడం నేర్చుకున్నాడంటూ పక్కకి వెళ్లి భుజం తట్టాడు.

మహేశ్ తల అడ్డంగా ఊపాడు. "లాభం కాదు నాన్నా. ఒకటి గోపాలం తాతది."

జగ్గయ్య ఆ ఖాళీ చోటుని చూశాడు. తండ్రి ఎన్ని వేలసార్లు ఆ లెక్క పెట్టి ఉంటాడో, ప్రతిసారీ మొదట ఎందుకు ఒక క్షణం ఆగేవాడో ఆయనకి తెలిసింది. తెలిసిన కథే, తెలిసిన లెక్కే. రెండూ తన దగ్గరే నలభై ఏళ్లున్నాయి, పక్కపక్కన పెట్టి చూడాలని తనకి ఎన్నడూ తోచలేదు. ఒక్క పూటలో కొడుకు చూశాడు. జగ్గయ్యకి కళ్లనీళ్లు వచ్చాయి, ఆయన తుడుచుకోలేదు.

మహేశ్ లెక్క పూర్తిచేసి, వాలు కింద కొత్త గీత గీసి దాని మీదికి వెళ్లాడు. మూడున్నరకల్లా ప్రెస్సు పునాది బోల్టుల మీద కూర్చుంది. సేఠ్ గోడ పగలగొట్టేవాళ్లకి రావద్దని కబురు పంపి, అందరికీ టీ, సమోసాలు తెప్పించాడు.

టీ తాగుతూ నరసింగరావు అడిగాడు. ఇందాక మహేశ్ బాబు చెప్పిన ఆ గోపాలం ఎవరని. బస్రా కథలో ఆ పేరు ఎప్పుడూ వినలేదే అన్నాడు. ఛత్తీస్‌గఢీ కుర్రవాళ్లు కూడా గ్లాసులు పట్టుకుని దగ్గరికి జరిగారు.

"మా అయ్య తోటోడు. తాడు మీద ఒకటో మనిషి," అన్నాడు జగ్గయ్య. "ఆ దినం కూత పెట్టినోడు మా అయ్యే."

ఆ మాట పక్కనున్న నరసింగరావు దాకా వెళ్లి ఆగిపోయింది. మహేశ్ గ్లాసు కింద పెట్టి, తండ్రికి ఎదురుగా కూర్చుని, ఆయన చెప్పే ప్రతి మాటనూ హిందీలో అందరికీ వినబడేలా చెప్పడం మొదలుపెట్టాడు.